వంగపండు రంగు స్వెటర్లు

ఆ రోజు ఉదయం వేసుకున్న ప్లాను చాలా చిన్నది. నలభై ఒకటో నంబరు బస్సెక్కాలి. పదకొండో స్టాపులో దిగాలి. గాజుతోట చూడాలి. మళ్ళీ అదే బస్సులో ఇంటికి రావాలి. ఇందులో తప్పిపోవడానికి చోటే లేదని మేనకోడలి నమ్మకం. అయినా అనుమానం తీరక కాగితం మీద బస్సు బొమ్మ, దాని పక్కన పదకొండు చుక్కలు, చివరి చుక్క మీద ఒక పువ్వు గీసి ఇచ్చింది. ఆ మహానగరంలో ఒక పెద్ద ఆసుపత్రిలో ఆమె నర్సు. ఆ రోజు ఆపరేషన్ థియేటర్లో డ్యూటీ. మధ్యాహ్నం దాకా ఫోన్ ముట్టుకోవడానికి లేదు.

"మావయ్యా, ఎక్కడా మారక్కర్లేదు. ఎక్కడం, కూర్చోవడం, దిగడం. అంతే," అంది బూట్లు వేసుకుంటూ.

"బస్సెక్కడం నాకు నేర్పుతున్నావటే?" అన్నాడు మావయ్య.

ఆ మాట అనే హక్కు ఆయనకుంది. ముప్పై రెండేళ్ళు కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. డిపోలో అందరూ ఆయన్ని రైట్ బాబాయ్ అనేవారు. పరాయి దేశం రావడం ఇదే మొదటిసారి, విమానం ఎక్కడమూ ఇదే మొదటిసారి. విమానం బయల్దేరేముందు ఎయిర్ హోస్టెస్ ప్రయాణికుల్ని లెక్కపెడుతుంటే, ఈయన కూడా సీట్లోంచి మెడ సాచి లెక్కపెట్టి, ఇద్దరి లెక్కా సరిపోయాకే కళ్ళు మూసుకున్నాడు.

గాజుతోట చూడాలన్న కోరిక మాత్రం ఆయనది కాదు, భార్యది. ఆవిడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసింది. ట్రంక్ కాల్స్ రోజుల్లో ఈ నగరానికి వచ్చే కాల్స్ ఆవిడ చేతిమీదుగానే కలిసేవి. ఇక్కడి ఎక్స్ఛేంజిలో ఒక ఆపరేటరుతో గొంతు పరిచయం ఉండేది. మొహం ఎప్పుడూ చూడలేదు. లైన్ దొరికేలోపు ఇద్దరూ వచ్చీరాని మాటల్లో ఇక్కడ వాన, అక్కడ ఎండ అని చెప్పుకునేవారు. ఆ స్నేహితురాలు ఒక కొత్త సంవత్సరానికి ఒక కార్డు పంపింది. దానిమీద ఇక్కడి గాజుతోట బొమ్మ: గాజు కప్పు కింద ఒక కొలను, కొలనులో పళ్ళేలంత తామరాకులు. ఆ కార్డు ఇరవై ఎనిమిదేళ్ళుగా బీరువా తలుపుకు లోపలివైపు అతుక్కుని ఉంది. బీరువా తెరిచినప్పుడల్లా ఆవిడ ఒక క్షణం దాన్ని చూసేది. ఆవిడ చూడటాన్ని ఆయన చూసేవాడు, చూసి "వచ్చే ఏడు వెళ్దాంలే" అనేవాడు. అలా ఇరవై ఎనిమిది వచ్చే ఏళ్ళు గడిచాయి. మర్నాడే తిరుగు ప్రయాణం. కొలను చూడాలంటే ఈ ఒక్కరోజే ఉంది.

చలి దేశమని ఆవిడ రెండు నెలలు కష్టపడి వంగపండు రంగు ఉన్నితో రెండు స్వెటర్లు అల్లింది, తనకొకటి, ఆయనకొకటి. అల్లుతున్నన్నాళ్ళూ ఉన్ని ఉండ పట్టుకుని ఎదురుగా కూర్చున్నది ఆయనే. ఆయన స్వెటరుకు చివర్లో ఒక గుండీ తక్కువైతే, ఎక్కడిదో తెల్ల గుండీ కుట్టింది. ఆ ఉదయం దానిమీద మేనకోడలు ఇచ్చిన నల్ల కోటు వేసుకుని, మెడదాకా గుండీలు పెట్టుకుని ఆయన తయారయ్యాడు. ఫోను, కాగితం, ఇంటి చిరునామా, మంచినీళ్ళు అన్నీ తన పాత కండక్టరు తోలుసంచిలో సర్ది దాన్ని భార్య భుజానికి తగిలించాడు.

"అన్నీ నాకే ఇచ్చేస్తే మీ దగ్గరేముంటుంది?" అందావిడ.

"నేనున్నాగా," అన్నాడు.

బస్సు వచ్చింది. ఎక్కగానే మన కండక్టరు మనసు చివుక్కుమంది. ఎందుకంటే అందులో కండక్టరు లేడు. ముందు అద్దాల గదిలో తెల్లమీసాల డ్రైవరు ఒక్కడే ఉన్నాడు. ప్రయాణికులు ఒక డబ్బాకు కార్డు చూపిస్తున్నారు, అది టింగుమంటోంది.

"చూశావా, ముసలాళ్ళకి సీటిప్పించదు, లోపలికి జరగమని అరవదు. ఊరికే టింగుమంటుంది. దానికో ఉద్యోగం!" అన్నాడు గుసగుసగా.

"మీరు కూర్చోండి. మీకివాళ డ్యూటీ లేదు," అంది భార్య. ఆవిడ కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, కాగితం మీది చుక్కలు ఒక్కొక్కటే వేలితో దాటిస్తోంది.

ఏడో చుక్క దగ్గర ఒకామె పసిబిడ్డను తోపుడుబండిలో దింపబోతుంటే చక్రం తలుపు సందులో ఇరుక్కుంది. కండక్టరు లేచాడు. "ఏవండీ, వాళ్ళే చూసుకుంటారు..." అని భార్య అంటూనే ఉంది. ఆయన దిగి, బండిని ఎత్తి పేవ్‌మెంటు మీద పెట్టి, బిడ్డ బుగ్గ పుణికాడు. తర్వాత అలవాటు ప్రకారం ముందుకు చూశాడు. వెనక్కి చూశాడు. తలుపు దగ్గర ఎవరూ వేలాడటం లేదు. ఎవరూ పరిగెత్తుకు రావడం లేదు. ఇంక ఆ చెయ్యి ఆయన మాట వినలేదు. బస్సు ఒంటిమీద దబ్ దబ్‌మని రెండుసార్లు చరిచి, "రైట్!" అన్నాడు.

ముప్పై రెండేళ్ళుగా దీని తర్వాత జరిగేది ఒకటే. బస్సు కదులుతుంది, ఆయన కడ్డీ పట్టుకుని తీరిగ్గా ఫుట్‌బోర్డు మీదికి ఎగురుతాడు. ఇక్కడ బస్సు కదలడం వరకు సరిగ్గానే జరిగింది. కడ్డీ కోసం చెయ్యి చాపేసరికి తలుపు నిట్టూర్చి మూసుకుంది. కిటికీలోంచి భార్య మొహం ఆయన పక్కనుంచే మెల్లగా జరిగి వెళ్ళిపోయింది.

"హోల్డాన్! హోల్డాన్!" అని అరుస్తూ పరిగెత్తాడు. పాత మోకాలు వంద గజాల దగ్గర మొరాయించింది.

జేబులు తడుముకుంటే చేతిరుమాలు, రోజంతా తిరిగే బస్సు కార్డు, చత్వారం కళ్ళజోడు దొరికాయి. ఇంటి చిరునామా నోటికి రాదు. మేనకోడలి నంబరు అసలే రాదు. "దేవుడా, పరాయి ఊళ్ళో భార్య తప్పిపోయింది," అనుకున్నాడు. ఫోనూ కాగితమూ చిరునామా ఆవిడ దగ్గరుండి, చేతిరుమాలు తన దగ్గరుంటే తప్పిపోయింది ఎవరన్న ప్రశ్న ఆయనకు తట్టలేదు. భర్తలకు అది తొందరగా తట్టదు.

తర్వాతి నలభై ఒకటి వచ్చింది. తలుపు దగ్గరే నిలబడి, ప్రతి స్టాపులోనూ తల బయటపెట్టి వెతికాడు. తొమ్మిదో స్టాపులో బెంచీమీద అచ్చం భార్యదిలాగే నెరిసిన జుట్టు వేలిముడి ఒకటి కనబడింది. ప్రాణం లేచొచ్చింది. ఒక్క గెంతులో దిగి, "ఇదిగో, ఎంతసేపైంది ఇక్కడ కూర్చుని? భయపడ్డావా?" అన్నాడు.

వేలిముడి తిరిగింది. అది వేరే ముసలామె. వెనకాల బస్సు నిట్టూర్చి వెళ్ళిపోయింది.

భాష లేదు కాబట్టి సైగలే గతి అయ్యాయి. ముందు తనను చూపించుకున్నాడు. గాల్లో ఒక వేలిముడి, ఒక కళ్ళజోడు గీశాడు, అది తన భార్య. రెండు వేళ్ళు పక్కపక్కన పెట్టాడు, అది తమ కాపురం. అందులో ఒక వేలిని మెల్లగా విడదీసి బస్సు పోయిన దారి చూపించాడు. ఆ రోడ్డు మిట్టమీదికి పోతుంది. అందుకని వేలు కూడా పైకే పోయింది. తప్పు నాదే అన్నట్టు గుండెమీద కొట్టుకున్నాడు. ఆ పని నిజంగానే గట్టిగా చేశాడేమో, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ముసలామె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేచి వచ్చి ఆయన్ని దగ్గరికి తీసుకుని వీపు నిమిరింది. స్టాపులో ఉన్న మిగతావాళ్ళకు ఏదో చెప్పింది. ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. మార్కెట్ నుంచి వస్తున్న ఒకామె తన బుట్టలోంచి తెల్లపూల గుత్తి తీసి ఆయన చేతిలో పెట్టి, తల వంచుకుని పక్కకు జరిగింది. 'భార్య బస్సులో వెళ్ళిపోయిందంటే ఇంత బాధపడుతున్నారు, ఎంత మంచి మనుషులో!' అనుకున్నాడు కండక్టరు.

ముసలామె ఆయన చెయ్యి పట్టుకుని రోడ్డు దాటించి, అవతలివైపు ఇంకో బస్సెక్కించింది. స్థానికులకు తెలియని దారి ఉంటుందా అని ఆయన మాట్లాడకుండా ఎక్కాడు. బస్సు కిటకిటలాడుతోంది. జనమంతా తలుపు దగ్గరే పేరుకున్నారు. ఎంత దుఃఖంలోనైనా కండక్టరు చూడలేని దృశ్యం ఒక్కటుందంటే అది ఇదే. పూలగుత్తి ఊపుతూ, "జరగండి, లోపలికి జరగండి, లోపలంతా ఖాళీయే!" అన్నాడు. ముసలామె అప్పటికే అందరి చెవినీ వేసినట్టుంది. అందరూ తలలు వంచుకుని వరుసగా లోపలికి జరిగారు. ముప్పై రెండేళ్ళ సర్వీసులో ఏ జనమూ ఆయన మాట అంత బుద్ధిగా వినలేదు.

ఒక పెద్ద ఇనుపగేటు దగ్గర ముసలామె ఆయన్ని దింపి, రెండు చేతులూ పట్టుకుని నొక్కి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. లోపల కత్తిరించిన పచ్చిక, బారులు తీరిన చెట్లు, ఎక్కడ చూసినా పూలు. తోటే! కండక్టరుకు పోయిన ఉత్సాహం తిరిగొచ్చింది. గాజు మాత్రం ఎక్కడా కనబడలేదు. లోపలికి నడిచాడు. మొక్కల దగ్గర మొక్కల పేర్లు చెక్కిన రాతిపలకలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. ఒక్కో మొక్కకు ఇంత పెద్ద పలకా అని మెచ్చుకుంటూ పోతుంటే, ఒక పలకమీద మీసాల పెద్దమనిషి ఫోటో కనబడింది. దాని కింద రెండు సంవత్సరాల అంకెలు, మధ్యలో ఒక గీత.

ఆయన చేతిలో పూలవంక చూసుకున్నాడు. పైకి పోయిన వేలు గుర్తొచ్చింది. టోపీ తీసినాయన గుర్తొచ్చాడు. నిక్షేపంలా ఉన్న భార్యను తన చేతులతో తనే, అదీ నలుగురి ముందు, చంపుకున్నాడు.

"తప్పు తప్పు," అని లెంపలు వేసుకుని, అక్కడున్న బెంచీమీద కూలబడ్డాడు. అంతవరకు కంగారే తప్ప భయం లేదు. ఇప్పుడు భయం వేసింది. ఆవిడ ఎక్కడో ఒక స్టాపులో ఒంటరిగా నిలబడి ఎదురుచూస్తున్నట్టు కనబడింది. ఆవిడ ఆయనకు మొదట పరిచయమైందే ఒక బస్సు స్టాపులో. ఉదయం ఎనిమిది పదికి ఎక్స్ఛేంజికి పోవడానికి ఆయన బస్సే ఎక్కేది. ఎప్పుడూ ఒక నిమిషం ఆలస్యంగా, జడ సగం అల్లుకుంటూ సందులోంచి పరిగెత్తుకొచ్చేది. ఆ నిమిషం ఆయన టిక్కెట్ల పుస్తకం కింద పడేసుకునేవాడు, సంచి పట్టీ సర్దుకునేవాడు, ఆవిడ ఎక్కాకే రైట్ అనేవాడు. రెండేళ్ళు అలా సాగింది. 'అకారణంగా బస్సును ఒక నిమిషం నిలిపినందుకు' అని ఒక మెమో కూడా అందుకున్నాడు. సర్వీసు మొత్తంలో ఆయనకొచ్చిన మెమో అదొక్కటే. కారణం ఉందని ఆయన జవాబు రాయలేదు. ఆ కారణాన్ని మరుసటి ఏడు పెళ్ళి చేసుకున్నాడు. అప్పుడు ఒక నిమిషం ఆగిన మనిషి, ఇవాళ ఒక్క క్షణం ఆగలేకపోయాడు. ఆ సంగతి తలచుకుని నిజంగానే ఏడ్చాడు. అటుగా పోతున్నవాళ్ళు దాన్ని వింతగా చూడలేదు. అక్కడ అది మామూలే.

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి గేటు బయట ఒక బస్సు పోతోంది. బోర్డు లేదు, జనం లేరు, డ్రైవరు కాలరు గుండీ విప్పుకుని ఒంటిచేత్తో తోలుతున్నాడు. కాసేపటికి అలాంటిదే ఇంకొకటి పోయింది. కండక్టరు చటుక్కున లేచాడు. ఈ ఊరి భాష ఆయనకు రాదుగానీ, డ్యూటీ దిగి డిపోకు పోయే బస్సు భాష వచ్చు. పూలగుత్తి పట్టుకుని అవి పోయిన దిక్కుకు నడక మొదలుపెట్టాడు. ప్రతి మలుపు దగ్గరా ఆగి, ఇంకో ఖాళీ బస్సు వచ్చేదాకా చూసి, అది తిరిగినవైపే తిరిగాడు. చాలాసేపటికి ఎదురుగా గాలిలో డీజిలు, తడిసిన టైరు, గ్రీజు కలగలిసిన వాసన తగిలింది. ఇంటికొచ్చినట్టయింది. గేటులో బస్సులు కడుగుతున్నవాళ్ళను, బూట్లు విప్పి కాళ్ళు చాపుకుని కబుర్లాడుతున్న డ్రైవర్లను చూసి ఒక్క నిమిషం భార్య సంగతి కూడా మర్చిపోయాడు.

డిపోలో బయటివాళ్ళు వచ్చి అడిగే గది ఒక్కటే, బస్సుల్లో మర్చిపోయిన వస్తువులు అప్పగించే ఆఫీసు. అప్పటికి టైము నాలుక్కు పావుగంట తక్కువ. చెవికి పెన్సిల్ పెట్టుకున్న గుమాస్తా ఒకడు కూర్చుని ఉన్నాడు. వెనక అరల నిండా గొడుగులు, ఒంటరి చేతితొడుగులు, ఒక గిటారు, ఒక కట్టుడుపళ్ళ సెట్టు ఉన్నాయి. ఒక ఊతకర్ర కూడా ఉంది, ఎవరో అది మర్చిపోయి నడిచి వెళ్ళిపోయినట్టున్నారు. కౌంటరు మీద మాటల్ని ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చే చిన్న యంత్రం ఉంది. కండక్టరు దాని ముందు నోరు విప్పగానే అది ఆయన భాష పసిగట్టింది.

"కోల్పోబడిన వస్తువు యొక్క నామధేయమును తెలుపుడు," అంది.

తెలుగు వినబడగానే ఆయనకు ప్రాణం లేచొచ్చింది. "వస్తువు కాదమ్మా! మా ఆవిడ!"

గుమాస్తా ఫారంలో పైనుంచి కిందిదాకా చూసి, అలాంటి గడి లేకపోవడంతో 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు.

"వస్తువు యొక్క వర్ణమును తెలుపుడు."

"వర్ణమా? చామనఛాయ."

"వస్తువు ధరించిన దుస్తుల వర్ణమును తెలుపుడు."

కండక్టరు నోరు తెరిచాడు. తన రూటులో ముప్పై ఏడు స్టాపులు. నిద్రలో లేపినా ముందునుంచీ వెనకనుంచీ చెప్పగలడు. పొద్దున ఏడు స్టాపులు పక్కన కూర్చున్న భార్య ఏ రంగు వేసుకుందో చెప్పలేకపోయాడు. "స్వెటరే... ఏదో ముదురు రంగు... వెచ్చగా ఉంటుంది," అన్నాడు.

"వెచ్చదనము వర్ణము కాదు," అంది యంత్రం.

ఆ గదిలో హీటరు మండిపోతోంది. దానికి సిగ్గు తోడైంది. కండక్టరు చెమటలు కక్కుతూ నల్లకోటు గుండీలు విప్పాడు. గుమాస్తా పెన్సిల్ ఆగిపోయింది. ఆయన స్వెటరు వైపు చూశాడు. చివరి తెల్లగుండీ వైపు చూశాడు. బల్లమీదున్న ఇంకో ఫారం తీసి చూశాడు. అప్పుడు లేచి, కౌంటరు దాటి వచ్చి, కండక్టరును రెండు భుజాలూ పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక గ్లాసు మంచినీళ్ళు చేతికిచ్చి, యంత్రం మీట నొక్కాడు. యంత్రం గొంతు సవరించుకున్నట్టు కీచుమని, మధ్యాహ్నం ఎవరో చెప్పి వెళ్ళిన ఫిర్యాదు చదవసాగింది.

"కోల్పోబడిన వస్తువు: భర్త. పాతది. వర్ణము: వంగపండు వర్ణపు స్వెటరు, దిగువ గుండీ తెలుపు. గుర్తులు: ఎడమ మోకాలు నొప్పి, మెట్లు దిగునప్పుడు గోడ పట్టుకొనును. ప్రతివారిని లోపలికి జరుగుమనును. దారి తప్పినచో ఎవరిని అడిగినను ఉపయోగము లేదు, బస్సు డిపోకు తనంతట తానే చేరును. సాయంత్రము నాలుగు గంటల వేళకు గాని చేరడు. చేరినచో కూర్చుండబెట్టి మంచినీళ్ళు ఇవ్వవలెను. ఉదయము నుండి ఏమియు త్రాగి ఉండడు."

కండక్టరు గ్లాసు పట్టుకుని తన ఒంటిమీద స్వెటరు వంక చూసుకున్నాడు. వంగపండు రంగు. ఆవిడదీ అదే. ఒకటే ఉన్ని ఉండ, తనే పట్టుకున్నాడు. గ్లాసులో నీళ్ళన్నీ తాగేశాడు.

ఫారంతో సరిపోలిన వస్తువుకు నంబరు కట్టాలన్నది ఆఫీసు నియమం. గుమాస్తా మొహమాటపడుతూనే, 318 అని రాసిన చీటీని ఆయన కోటు గుండీకి కట్టాడు. ఊతకర్రకూ గిటారుకూ మధ్య కండక్టరు అలా కూర్చుని ఉండగా, గోడగడియారం నాలుగు కొట్టింది. తలుపు తోసుకుని, భుజాన తోలుసంచితో, ఏ తొందరా లేకుండా ఆవిడ వచ్చింది.

"వచ్చారా? ఎంతసేపైంది?" అంది, కూరగాయలకు పోయి వచ్చిన మనిషిని అడిగినట్టు.

"నువ్వు... నీకేం కాలేదు కదా?"

"నాకేమవుతుంది? ఫోను నా దగ్గరే, అడ్రసు నా దగ్గరే. పొద్దున బస్సు కదలగానే లేచి అద్దం తట్టాను. ఆ డ్రైవరుకి సంగతి అర్థమయ్యేసరికి రెండు స్టాపులు దాటిపోయాం. పాపం, ఆఖరి స్టాపుదాకా తిప్పి, పొద్దుటి డ్యూటీ దిగాక తనే ఇక్కడికి తీసుకొచ్చాడు. మధ్యాహ్నం పిల్ల ఫోన్ చేసి పోలీసులకు చెప్దామంది. అక్కర్లేదమ్మా, మీ మావయ్య ఎక్కడ తేలతాడో నాకు తెలుసు, కాకపోతే నాలుగవుతుందన్నా."

"నాలుగుదాకా ఇక్కడే కూర్చున్నావా?"

"ఎందుకు కూర్చుంటా? గాజుతోటకి వెళ్ళొచ్చా."

కండక్టరు మొహం వాడిపోయింది. "నేను లేకుండానే చూసేశావా?"

ఆవిడ చీటీ కట్టిన గుండీ వంక చూసింది. "ఒకప్పుడు నేను ఎక్కేదాకా బస్సు ఆపేవారు. ఇవాళ నేను దిగకుండానే పంపించేశారు," అంది. కోపంగా అనలేదు. అందుకే ఆయనకు ఎక్కువ తగిలింది.

"తప్పయిపోయింది. ఆ చెయ్యి..."

"తెలుసు. కిటికీలోంచి చూశాగా. ఎంత బాగా కొట్టారో!" ఆవిడకు నవ్వాగలేదు. "అన్ని గదులూ చూశా. కొలను గది ఒక్కటీ వదిలేశా. ఆరింటిదాకా తెరిచే ఉంటుందట. అదేంటి, చేతిలో ఆ పువ్వులు? నాకేనా?"

ఇన్నేళ్ళ కాపురంలో ఆయన భార్యకు పువ్వులు తేవడం అది మొదటిసారి. "నీకే," అన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు. అవి నిజంగా ఆవిడ కోసం ఇచ్చినవే.

గుమాస్తా రిజిస్టరు తిప్పి ముందుకు తోశాడు. "వస్తువు స్థితిని పరిశీలించి సంతకము చేయుడు," అంది యంత్రం. ఆవిడ ఆయన్ని కిందినుంచి మీదిదాకా చూసి, 'పోయినప్పటిలాగే ఉంది' అని చెప్పి సంతకం పెట్టింది.

బయట పొద్దుటి తెల్లమీసాల డ్రైవరు సాయంత్రం ట్రిప్పుకు బస్సు తీస్తున్నాడు. కండక్టరును చూడగానే దిగివచ్చి, బస్సు ఒంటిమీద దబ్ దబ్‌మని చరిచి, వేలితో నువ్వేనా అన్నట్టు చూపించాడు. కండక్టరు నేరస్థుడిలా తలూపాడు. డ్రైవరు ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకుని ఊపేశాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో తనకూ ఒక కండక్టరు ఉండేవాడని, రెండు దెబ్బలు వినబడితే పోనిచ్చేవాడినని, ఆ చప్పుడు విని ముప్పై ఏళ్ళయిందని, పొద్దున అది వినగానే వెనక్కి కూడా చూడకుండా కాలు దానంతటదే నొక్కేసిందని చేతులతో, కళ్ళతో చెప్పాడు. ఆ సైగల్లో కండక్టరుకు ఒక్కటి కూడా అర్థం కాకుండా పోలేదు. ఇద్దరు ముసలివాళ్ళు బస్సు పక్కన నిలబడి ముక్కులు ఎగబీల్చుకున్నారు.

ఈసారి కండక్టరు భార్యను ముందు ఎక్కించి, తను ఎక్కి, అప్పుడు లోపలినుంచి చరిచాడు. సంచి తనే తీసుకుని కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. ఆవిడ ఒళ్ళో తెల్లపూలు పెట్టుకుని, ఆయన భుజానికి తలాన్చింది. ఒకే రంగు స్వెటర్లలో ఇద్దరూ కొత్తజంటలా ఉన్నారు. తొమ్మిదో స్టాపులో బస్సాగింది. నెరిసిన వేలిముడి ఒకటి ఎక్కింది.

ముసలామె ఆయన్ని చూసింది. భుజాన వాలిన ఆవిడను చూసింది. తెల్లపూలను చూసింది. పొద్దున పోయిన భార్య కోసం ఇప్పించిన పువ్వులు సాయంత్రానికల్లా ఎవరి ఒళ్ళో ఉన్నాయో చూశాక, ఆమె మొహం కందగడ్డయింది. చుట్టూ ఉన్నవాళ్ళకు గట్టిగా ఏదో చెప్పడం మొదలుపెట్టింది. బస్సంతా ఆయనవైపు తిరిగింది.

"ఎవరండీ ఆవిడ? మీకేసి అలా చూస్తోందేం?"

"తెలీదు. నువ్వు పద, మన స్టాపొచ్చేసింది."

"ఇంకోటుందిగా?"

"తలుపు దగ్గర నిలబడదాం పద," అంటూ చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు. పదకొండో స్టాపులో ఆవిడను ముందు దింపి, తను దిగి ఊపిరి పీల్చుకున్నాడు. ఎదురుగా గాజుతోట సాయంకాలపు ఎండలో మెరుస్తోంది. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ ఎదురుచూస్తున్నాడు. కండక్టరు చెయ్యెత్తి, ఉదయం గుర్తొచ్చి, దింపేశాడు.

"ఇరవై ఎనిమిదేళ్ళ నుంచి నాకూ సరదాగా ఉంది, నన్ను చెప్పనివ్వండి," అని ఆవిడ పూలగుత్తిని ఎడమచేతికి మార్చుకుని, కుడిచేత్తో బస్సును దబ్ దబ్‌మని చరిచి, "రైట్!" అంది. బస్సు నిట్టూర్చి కదిలింది. మిట్ట దాటి కనుమరుగయ్యేదాకా ఇద్దరూ మురిపెంగా చూశారు.

"ఏవండీ, సంచి ఏదీ?"

కండక్టరు ఖాళీ చేతులు చూసుకున్నాడు. ఆవిడ తన చేతివంక చూసుకుని నాలుక కరుచుకుంది. ఆయన ఆవిడ చెయ్యి పట్టుకుని కొలను గదివైపు నడిచాడు. తొందరేం లేదు. ఆ ఆఫీసు ఎక్కడుందో తెలుసు, సంచి రంగు కూడా ఆయనకు బాగా గుర్తుంది.